అడుగున మిగిలిపోయిన రాగి వాషర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నా వ్యాను ఎక్కే పిల్లలందరికీ తెలుసు. అందుకే ఆ శుక్రవారం సాయంత్రం కోరుట్ల నుంచి వెళుతూ బండి నడిరోడ్డు మీద ఆగిపోతే, వాళ్ళు ముందు నా మొహం చూసి, తరువాతే కిటికీలోంచి బయటికి చూశారు.

బండి చెప్పకుండా ఆగిందని మాత్రం అనలేను. వారం నుంచి ఇంజన్‌లో ఎవరో పళ్ళ సందుల్లోంచి గాలి ఊదుతున్నట్టు చుస్ చుస్‌మని చప్పుడు. లోపలంతా కాలిన డీజిల్ వాసన. పిల్లలు చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను రోజూ మా ఆయనకు చెప్పడం, ఆయన రోజూ ఆదివారం చూద్దామనడం. ఆ ఆదివారం రాకముందే శుక్రవారం వచ్చి కూర్చుంది.

నేను పుట్టింది సిరిసిల్లలో. మరమగ్గం మీద బీము, అంటే పడుగు నూలు చుట్టిన దుంగ, ఖాళీ అయితే కొత్త బీము ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొస ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులు. పెళ్ళికి ముందు నేను చేసిన పని అదే. పెళ్ళయి కోరుట్ల వచ్చాను. మా ఆయన మగ్గాలు బాగుచేసే మనిషి. ఇక్కడి మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతుంటే, ఎవరో వదిలించుకుంటున్న ఈ డీజిల్ వ్యాను కొన్నాం. ఆయన నడుపుతాడనుకున్నాం. స్టీరింగ్ పట్టుకుంటే ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. సరే లెమ్మని నేను పట్టుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు.

రుద్రంగి వైపు పల్లెల నుంచి ఇంటర్ చదివే ఆడపిల్లలను పొద్దున కోరుట్ల తీసుకొచ్చి సాయంత్రం దింపుతాను. మధ్యలో గుట్టలు, మనిషి కనిపించని రోడ్డు. షేర్ ఆటోలో పంపడానికి తండ్రులకు మనసొప్పదు. ఒక ఆడమనిషి నడుపుతోందనే పంపుతున్నామని నాకు మొహం మీదే చెబుతారు. ఆ మాటకు నేను లోలోపల ఎంత పొంగిపోతానో వాళ్ళకు తెలియదు. తెలియనివ్వను కూడా.

ఆ సాయంత్రం ఫోన్లు చేస్తే తండ్రులు బైకుల మీద వచ్చి ఎవరి పిల్లను వాళ్ళు తీసుకుపోయారు. ఆఖరున వచ్చినతను కల్లుగీసే ఇంట్లో పుట్టి ఇప్పుడు వరికోత మిషన్ నడుపుతున్నవాడు. అతని పెద్దకూతురు ఇంటర్ రెండో సంవత్సరం. సోమవారం నుంచే పరీక్షలు. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, కింద కారిన నల్లటి నూనె చూసి, నాతో చాలా మెల్లగా అన్నాడు.

"సోమారం నీ బండి రాకుంటే పరీచ్చ లేదు, ఏం లేదు అక్కా. వాళ్ళమ్మతోని ఇంట్ల బీడీలు చేసుకుంటది."

కసిరి ఉంటే నేనూ నాలుగు తగిలించేదాన్ని. మెల్లగా అన్నాడే, దానికే నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ ఊరి బస్సు పరీక్ష మొదలయ్యాక గానీ కోరుట్ల చేరదు. కోతల కాలం, పొద్దు పొడవకముందే అతను మిషన్ మీద ఉండాలి. ఒక్క పేపరు పోయిందా, ఏడాది పోతుంది. అలాంటి ఇళ్ళల్లో ఆడపిల్లకు ఏడాది పోయిందంటే చదువు పోయినట్టే, నా వ్యాను దిగి మళ్ళీ ఎక్కని పిల్లలను నేను చూశాను. ఆ పిల్ల తండ్రి వెనక సంచి గుండెలకు అదుముకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. నన్నే చూస్తోంది.

"సోమారం పొద్దుగాల్ల నీ వాకిట్ల హారన్ కొడుత తమ్మీ. నువ్వు పిల్లను తయారు చేసి నిలబెట్టు, చాలు" అన్నాను.

అనడమైతే అన్నాను. ఎలా కొడతానో ఆ దేవుడికే తెలియాలి.

ట్రాక్టరు కట్టి బండిని ఇంటికి లాగించాం. శనివారం పొద్దున్నే మా వీధి చివరి మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూసి, ఇంజెక్టర్ల కింద వాషర్లు పోయాయని తేల్చాడు. కానీ అతను కొత్త బట్టలు వేసుకుని ఉన్నాడు, సొంత చెల్లెలి పెళ్ళి. వేరే బండి అద్దెకు అడుగుదామంటే అన్నీ పెళ్ళిళ్ళకే మాట్లాడుకున్నారు. జగిత్యాల పోయి పెద్ద షెడ్డులో అడిగితే, ముందున్న బండ్లు అయ్యేసరికి వారం పడుతుందన్నారు. వాళ్ళనేం అనగలను, షెడ్డు నిండా బండ్లే. బస్టాండు దగ్గర విడిభాగాల దుకాణంలో రాగి వాషర్లు, రబ్బరు రింగులు కొనుక్కుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా మా ఆయనను మనసులో తిట్టుకుంటూ కోరుట్ల చేరాను.

ఇంజెక్టర్ అంటే మరేం లేదు, డీజిల్‌ను సన్నగా చిమ్మే లావుపాటి సూది. ఇంజన్ పైభాగంలో నాలుగు గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో సూది. సూది కింద రాగి వాషర్ ఉంటుంది. పైనుంచి బిగిస్తే అది మెత్తగా నలిగి సందు మూసేస్తుంది. అప్పుడే లోపలి మంట లోపల ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే పొగ పైకి తన్నుకొస్తుంది. మా బండిలో నాలుగో సూది చుట్టూ ఆ పొగ పేరుకుని, తారు పోసినట్టు గడ్డకట్టి ఉంది.

మా ఆయన పానాలు తీసుకుని దిగాడు. మంచి పనివాడే, కాదనను. పైపులు విప్పాడు, గుంటల్లో డీజిల్ పోసి నాననిచ్చాడు, ఒక్కో సూదినీ అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ కదిలించాడు. పొద్దు వాలే వేళకు నాలుగూ బయటికి వచ్చాయి, వాటితో పాటే నాలుగు పాత వాషర్లు. ఇక కొత్తవి వేసి బిగించడమేనని చేతులు దులుపుకుని టీ అడిగాడు.

టీ పెట్టేముందు నేను సెల్‌ఫోన్ లైటు వేసి గుంటల్లోకి తొంగిచూశాను. మూడు గుంటల అడుగున ఇనుము రంగు. నాలుగో దాంట్లో నల్లటి మసి కింద ఎర్రగా, సన్నగా ఒక మెరుపు. వాషర్ బయటికి వచ్చేశాక అడుగున రాగి రంగు ఎందుకుంటుంది? ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన చూశాడు. చూసి, చాలాసేపు తల ఎత్తలేదు. అప్పుడే నాకు అర్థమైపోయింది.

పోయిన వానాకాలం ఆ ఒక్క సూదినీ ఆయనే విప్పి వాషర్ మార్చాడు. అప్పుడు పాతది అడుగున అతుక్కుని రాలేదు. మగ్గం మనిషి కదా! మగ్గంలో ఎక్కడ సందు కనిపించినా, ఎక్కడ లొడలొడమన్నా, ఇంకో వాషర్ వేస్తే సరిపోతుంది. ఎన్ని వేస్తే అంత బిగువు. సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా మగ్గాలు బాగుచేసే వాళ్ళందరి జేబుల్లో గుప్పెడు వాషర్లు ఉంటాయి. ఆ అలవాటు కొద్దీ పాతదాని మీదే కొత్తది వేసి బిగించేశాడు. కింద అడ్డదిడ్డంగా ఒకటి, దాని మీద ఇంకొకటి. ఎన్నాళ్ళు ఆగుతుంది?

"మగ్గంల గట్లనే ఏస్తం గదా" అన్నాడు, నేలను చూస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మగ్గంలో మంట మండుతుందా అని అడిగాను. వ్యానుతో చీరలు నేస్తామా అని అడిగాను. ఇంకా చాలా అడిగాను, అవన్నీ ఇక్కడ రాయలేను. టీ మాత్రం ఇవ్వలేదు నేను.

ఆ వాషర్ తీయకుండా కొత్తది వేస్తే మళ్ళీ అదే గతి. గుంట చూస్తే లోతు, వేలు దూరనంత ఇరుకు. ఆయన స్క్రూడ్రైవరుతో పొడిచాడు, తీగ వంచి లాగాడు. తీగ సాగిపోయింది, స్క్రూడ్రైవరు జారింది. అడుగు గీరుకుపోతే కొత్త వాషర్ కూడా కూర్చోదని నేనే ఆపించాను. ఆ తీగ వంకర చూస్తుంటే నాకు తట్టింది. మగ్గంలో పోగులను సన్నటి కన్నాల్లోంచి లాగడానికి మేం వాడే కొక్కెం! చెక్క పిడి, గట్టి ఉక్కు కమ్మి, కొసన బియ్యపు గింజంత వంపు.

ఆదివారం మొదటి బస్సుకే సిరిసిల్ల పోయాను. మా తమ్ముని షెడ్డులో మరదలు కొత్త బీము ముందు కూర్చుని పోగులు అతుకుతోంది. ఆమె పక్కన ఇద్దరు ఆడవాళ్ళు. ముగ్గురి చేతులూ చకచకా ఆడుతున్నాయి, అంతకంటే జోరుగా నోళ్ళు ఆడుతున్నాయి. ఎవరింట్లో ఏం వండారు, ఎవరి కోడలు ఎవరిని ఏమంది, అన్నీ ఆ పోగులతో పాటే అతుకుతున్నారు. మా పని తీరే అది. చేతిని పట్టించుకుంటే చేయి తడబడుతుంది. మాటలు సాగుతుంటే దాని పని అది చేసుకుపోతుంది. నేనూ కాసేపు వాళ్ళ పక్కన కూర్చుని నాలుగు పోగులు అతికాను. చేయి మరిచిపోలేదు, సంతోషమేసింది. సంగతి చెప్పి కొక్కెం అడిగితే, మరదలు పని ఆపి పిడి తుడిచి నా చేతిలో పెట్టింది. ఇది విరిగితే తన చేయి విరిగినట్టేనని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది.

మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాను. గుంటలో కొక్కెం దించాను. కొసకు వాషర్ అంచు తగులుతోంది. అంచు కిందికి వంపు దూర్చి లేపాలి. దూర్చాను, జారింది. మళ్ళీ దూర్చాను, మళ్ళీ జారింది. ఊపిరి బిగపట్టి, కళ్ళు చిట్లించి, పళ్ళు కరుచుకుని పనిచేస్తున్నాను. మా ఆయన పక్కన లైటు పట్టుకుని, తప్పు చేసినవాడు కాబట్టి దగ్గకుండా, తుమ్మకుండా నిలబడ్డాడు. వాకిలంతా నిశ్శబ్దం. నాకు కళ్ళ ముందు ఆ పిల్ల, ఆమె గుండెలకు అదుముకున్న సంచి. ఎంత తలుచుకుంటే కొక్కెం అంత జారుతోంది. వాషర్ మాత్రం తన స్థానం వదలనని భీష్మించుకుని కూర్చుంది. నా వల్ల కాదేమోనని మొదటిసారి అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మళ్ళీ కొక్కెం దించాను.

అప్పుడు ఉన్నట్టుండి మా ఆయన నోరు తెరిచాడు.

"ఏమన్నగానీ, మీ తమ్ముని పెండ్లిల అన్నం సగం గూడ ఉడకలేదు."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఏ సమయంలో ఏం మాట! పైగా మా పుట్టింటివాళ్ళ మీద! ఇక అందుకున్నాను. ఆ పెళ్ళిలో మూడో బంతి దాకా కూర్చుని ఒకటికి రెండుసార్లు మటన్ వేయించుకున్నది ఎవరని అడిగాను. ఉడకని అన్నం అంతలా ఎలా దిగిందని అడిగాను. అక్కడితో ఆగానా? వాళ్ళక్క కూతురి పెళ్ళిలో పప్పు నీళ్ళలా ఉందన్నాను, అప్పడాలు చాలక మా వాళ్ళకు ముక్కలు విరిచి పెట్టారన్నాను. ఆయన కూడా తగ్గలేదు. మా తమ్ముడు పెట్టిన బట్టల రంగు ఒక్క ఉతుకుకే పోయిందన్నాడు. పట్టుకున్న లైటు మాత్రం కదలనివ్వలేదు. మాటకు మాట. పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగిచూస్తున్నారని తెలుసు, చూడనీ! వాళ్ళ మేనత్త నాకు పెట్టిన చీర సంగతి ఎత్తబోతున్నాను, టక్కుమంది.

చేయి ఆగింది. నోరూ ఆగింది. కొక్కెం పైకి తీశాను. కొసన వేలాడుతూ, మసి పట్టి, ఒక పక్క నలిగి వంకరపోయిన రాగి వాషర్.

నేను మాట్లాడుతున్నంతసేపూ నా చేయి దాని చుట్టూ తిరిగి, ఒక్కో అంచూ కొద్దికొద్దిగా లేపుకుంటూ వచ్చిందన్నమాట. నాకు తెలియనే తెలియదు. మా ఆయన లైటు ఆర్పి, మీసాల్లో నవ్వుతూ నన్ను చూశాడు.

"అన్నం మంచిగనే ఉడికింది తియ్" అన్నాడు.

అప్పుడు తెలిసింది, ఆ మాట ఎందుకన్నాడో. ఇన్నేళ్ళు మగ్గాల షెడ్లల్లో తిరిగిన మనిషికి, పోగు ముందు కూర్చున్న ఆడవాళ్ళ చేయి ఎప్పుడు ఆడుతుందో తెలియదా? నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి. మసి చేతులతోనే ఆయన వీపు మీద ఒకటి చరిచాను. ఆ చొక్కా మీద ఐదు వేళ్ళూ పడ్డాయి, ఎన్ని సార్లు ఉతికినా పోలేదు. అప్పుడు టీ పెట్టాను. అల్లం కూడా వేశాను.

మిగిలిన పని పరుగులు పెట్టింది. గుంట అడుగును శుభ్రంగా తుడిచాం. ఆయన కొత్త రాగి వాషర్లను నా గ్యాస్ పొయ్యి మీదే ఎర్రగా కాల్చి నీళ్ళల్లో వేశాడు, రాగి మెత్తబడి బాగా కూర్చుంటుందట. ఒక్కో సూదికీ ఒక్కటంటే ఒక్కటే వాషర్. నేను పక్కన నిలబడి వేలు చూపిస్తూ మరీ పెట్టించాను. రబ్బరు రింగులు మార్చాడు, అటూ ఇటూ సమంగా బిగించాడు. పైపుల్లో చేరిన గాలి పోవాలని నట్లు కొంచెం వదులు చేసి, నన్ను తాళం తిప్పమన్నాడు. తిప్పుతుంటే డీజిల్ బుస్సుమని చిమ్మి ఆయన మొహం మీదే పడింది. ఆ డీజిల్ మొహంతోనే నట్లు బిగించి, ఇప్పుడు సెల్ఫ్ కొట్టమని చేయి ఊపాడు.

కొట్టాను. ఒకసారి గుర్రుమంది. రెండోసారి దడదడమని వాకిలంతా అదిరిపోయింది. తెల్లపొగ కాసేపు వచ్చి ఆగింది. చుస్ చుస్ లేదు. వాసన లేదు. నాలుగూ ఒక్కటై మోగుతున్నాయి. నేను స్టీరింగు మీద రెండు చేతులతో దరువేశాను. ఇందాక తొంగిచూసిన పక్కింటావిడ గోడ మీంచే చప్పట్లు కొట్టింది. ఇంజన్ ఆపాలనిపించలేదు. వీధిలో రెండుసార్లు ఊరికే తిప్పి తెచ్చాను. మా ఆయన ముందు సీట్లో మొహం తుడుచుకోకుండా రాజులా కూర్చున్నాడు.

సోమవారం పొద్దు పొడవకముందే బయలుదేరాను. వరుసగా అన్ని ఊళ్ళూ తిరిగి పిల్లలను ఎక్కించుకున్నాను. ఆ పిల్ల వాళ్ళ ఊరు ఆఖరు. మాటిచ్చినట్టు వాకిట్లోకి పోయి హారన్ మీద చేయి పెట్టాను, వాడకట్టంతా లేచేదాకా తీయలేదు. పిల్ల అప్పటికే తలదువ్వుకుని, హాల్‌టికెట్ పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఒక్క గెంతులో ఎక్కేసింది. తండ్రి వచ్చి ఇంజన్ చప్పుడు వింటూ నిలబడ్డాడు. మిషన్లు నడిపేవాడు, చెవికి తెలుస్తుంది.

"మల్ల ఆగదు గదా అక్కా?"

"ఆగితే నడిపిచ్చుకుంటనన్న తీస్కపోత తమ్మీ. నువ్వు మాత్రం ఆపకు."

అతను తల వంచుకున్నాడు. నేను గేరు వేశాను. ఆ రోజు వ్యాను గుట్టల దారిని అలవోకగా ఎక్కింది. మేం చేరేసరికి పరీక్ష కేంద్రం గేటు ఇంకా తీయలేదు, బయట కుక్క ఒకటి పడుకుని ఉందంతే. పిల్లలు దిగి ఆ గేటు ముందే చివరిసారి పుస్తకాలు తిరగేశారు. వాళ్ళు లోపలికి పోయేదాకా నేను అక్కడే నిలబడి, దారిన పోయేవాళ్ళందరికీ నా బండి బానెట్ ఎత్తి చూపించాను. ఎవరూ అడగలేదనుకోండి, అయినా చూపించాను.

మధ్యాహ్నం పరీక్ష అయ్యాక అందరినీ తిరిగి దింపుకుంటూ పోయాను. పేపరు బాగా రాశానని ఆ పిల్ల దారి పొడవునా చెబుతూనే ఉంది. వాళ్ళ వాకిట్లో ఆపితే తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, అన్నానికి వచ్చినట్టున్నాడు. దగ్గరికి వచ్చి తలుపు పట్టుకుని, ఏదో అనబోయి ఆగి, చివరికి ఎటో చూస్తూ అడిగాడు.

"చిన్నది ఈయేడు పది రాస్తది అక్కా. వచ్చే యేడు దానిక్కూడ ఓ జాగ ఉంచుతవా?"

సరేనని తల ఊపి, ఆ చిన్నపిల్ల ఎక్కడని చుట్టూ వెతికాను. ఎక్కడేంటి, అక్క దిగుతున్న తలుపులోంచే అది ఎక్కి, కిటికీ పక్క సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అద్దం కిందికి దించి చూస్తోంది. తండ్రి కేకేశాడు, అక్క చేయి పట్టి లాగింది, నేనూ కసిరాను. దిగితేనా!